607 ఎవరిది? ఒక బేరింగు నంబరు వెనక కథ

రిమోట్‌తో నడిపే బొమ్మ బగ్గీల్లో (బొమ్మ అంటే వాటితో ఆడేవాళ్ళకి కోపమొస్తుంది, అది వేరే సంగతి) వాడే నైట్రో ఇంజన్ అరచేతిలో పట్టేస్తుంది. ‘పాయింట్ టూ వన్’ అని పిలిచే తరగతిదైతే మూడున్నర సీసీ. అంత చిన్నదీ నిమిషానికి 30,000 చుట్లు దాటి తిరుగుతుంది, అంటే సెకనుకి 500. ఆ తిరుగుడంతా మోసేవి రెండే రెండు బాల్ బేరింగులు. చాలా ఇంజన్లలో ముందుది చిన్నది: లోపలి రంధ్రం 7 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 19, మందం 6. వెనకది పెద్దది: 14, 25.4, 6.

ముందు బేరింగు పోయిందనుకోండి. నరసరావుపేటలోనో గుంటూరులోనో బేరింగుల షాపుకెళ్ళి ‘607’ అంటే చాలు. ఇంజన్ ఏ కంపెనీదో, ఏ దేశానిదో, అసలు దేనికి వాడతారో చెప్పక్కర్లేదు. లేకపోతే రెండ్రోజుల్లో తెప్పిస్తాడు. వెనక బేరింగుకి మాత్రం ఆ షాపు కేటలాగులో నంబరే ఉండదు. మోడల్ ఇంజన్ల సామాను అమ్మేవాళ్ళ దగ్గర వెతుక్కోవాల్సిందే.

ఒకే ఇంజన్, ఒకే షాఫ్టు. ఒక బేరింగు ఊళ్ళో దొరుకుతుంది, ఇంకోటి దొరకదు. ఎందుకని? జవాబు కావాలంటే రెండొందల ఏళ్ళు వెనక్కెళ్ళాలి. దారిలో ఆముదం, బంకమట్టి, బాంబులు అన్నీ తగులుతాయి, కాస్త ఓపిక పట్టండి.

‘నూజెండ్లలో నైట్రో కార్లు ఎవరికున్నాయి నాయనా?’ అనొచ్చు మీరు. నిజమే, లేవు. కానీ దాని పెద్దన్న మా ఊళ్ళో చాలా ఇళ్ళలో ఉంది. వీపుకి తగిలించుకుని మిరపకీ పత్తికీ మందు కొట్టే పవర్ స్ప్రేయర్, మావైపు తైవాన్ పంపు అంటారు. అందులో ఉండేదీ చిన్న టూ స్ట్రోక్ ఇంజనే. పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తారు. ఆ ఆయిలే లోపల బేరింగుల్ని తడుపుతుంది. నైట్రో ఇంజన్లో పెట్రోలు బదులు మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిలు కలిపిన ఇంధనం. సూత్రం ఒకటే. చావు కూడా ఒకటే. దాని సంగతి చివర్లో చెప్తాను.

ముందు ఎద్దులబండి దగ్గర మొదలెడదాం. పాతకాలపు బండికి బేరింగు లేదు. ఇనప ఇరుసు, దాని మీద తిరిగే చక్రం, మధ్యలో కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసే నల్లటి జిడ్డు అది. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అనే సామెత ఉందంటేనే తెలుస్తోంది, మన పెద్దలకి రాపిడి గురించి ఎంత తెలుసో. సుమతీ శతకంలో కరణాన్ని మంచి చేసుకోవాలన్న పద్యానికి కూడా ఉపమానం ఇరుసు కందెనే. లంచాన్ని లూబ్రికేషన్‌తో పోల్చిన కవి ఇంజనీరింగ్ చదవకపోయినా పాయింటు పట్టేశాడు :)

ఈ ఆముదం చేసిన ప్రయాణం భలే తమాషాగా ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాలకి వాడిన నోమ్ లాంటి రోటరీ ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు కదలదు, సిలిండర్లే గిరగిరా తిరుగుతాయి. ఇంధనం క్రాంక్ కేసులోంచే పోతుంది కాబట్టి పెట్రోల్లో తేలిగ్గా కరిగిపోని నూనె కావాలి. ఆముదం సరిపోయింది. వాడిన నూనె మళ్ళీ వాడేది లేదు, పొగలా బయటికి కొట్టేస్తుంది, అది పైలట్ల మొహాన పడేది. ఆముదం కడుపులోకెళితే ఏమవుతుందో తెలుగువాళ్ళకి నేను వేరే చెప్పాలా? ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో తెచ్చిన కాస్ట్రాల్ పేరు కూడా ఈ ఆముదం ఇంగ్లీషు పేరు నుంచి వచ్చిందే. ఇక నైట్రో ఇంజన్‌కొస్తే, మామూలు మినరల్ ఆయిలు మిథనాల్‌తో కలవదు, ఆముదం కలుస్తుంది. అందుకే నేటికీ చాలా మోడల్ ఇంధనాల్లో సింథటిక్ ఆయిలుతో పాటు ఎంతో కొంత ఆముదం ఉంటుంది. ప్రపంచంలో ఆముదాలు ఎక్కువగా పండించేది మన దేశమే. అంటే ఎక్కడో జపాన్‌లో తయారైన బుల్లి ఇంజన్ లోపల, తాత గారి బండి ఇరుసుకి పూసిన నూనే తిరుగుతోందన్నమాట.

కానీ కందెనతో ఒక హద్దు ఉంది. జారడం జారడమే. ఇరుసు మీద చక్రం ఎంత నున్నగా జారినా రాసుకుంటూనే ఉంటుంది. జారే బదులు దొర్లితే? ఈ ఆలోచన కొత్తదేం కాదు. రోమన్ల కాలం నాటి నేమి సరస్సు ఓడల్లో గుండ్ల మీద తిరిగే వేదికలాంటిది ఒకటి దొరికింది. లియొనార్డో డావించీ బొమ్మలు గీశాడు. 1794లో వేల్స్‌లోని కార్మార్థెన్‌కి చెందిన ఫిలిప్ వాన్ అనే ఇనుప వ్యాపారి బండి ఇరుసుకి బాల్ బేరింగు పేటెంటు తీసుకున్నాడు. గమనించండి, మొదటి బాల్ బేరింగు పేటెంటు కూడా బండి ఇరుసు కోసమే! 1869లో పారిస్‌లో జూల్ సురిరే సైకిళ్ళ బేరింగులకి పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడు నవంబర్లో జరిగిన పారిస్–రువాన్ సైకిల్ పందెంలో జేమ్స్ మూర్ బాల్ బేరింగులున్న సైకిలు మీద గెలిచాడు.

మరి 1794లోనే ఆలోచన ఉంటే అందరికీ ఎందుకు అందలేదు? గుండ్లు గుండ్రంగా లేవు, అదీ అసలు సమస్య. పది గుండ్లలో ఒకటి వెంట్రుకవాసి పెద్దదైతే బరువంతా అదే మోస్తుంది, ముందు అదే పగులుతుంది. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ ఊళ్ళో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు గుండ్లని ఒకే సైజులో, సరైన గుండ్రంలో అరగదీసే యంత్రం తయారుచేశాడు. అక్కణ్ణుంచి బేరింగు పనిమంతుడి చేతిలోంచి ఫ్యాక్టరీలోకి వెళ్ళింది. 1898లో అమెరికాలో హెన్రీ టిమ్కెన్ శంకువు ఆకారపు రోలర్ల బేరింగుకి పేటెంటు తీసుకున్నాడు, అదీ బండి ఇరుసుల కోసమే. ఇప్పటి లారీ చక్రాల్లో ఉండేవి దాని వారసులే.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ఘట్టం. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ ఊళ్ళో ఒక బట్టల మిల్లు. దాని కింద నేల బంకమట్టి. నేల కదిలినప్పుడల్లా మిల్లు గోడలు కదిలేవి, గోడలకి బిగించిన పొడవాటి షాఫ్టు వంకరపోయేది, బేరింగులు కాలిపోయేవి. అక్కడ పనిచేసే స్వెన్ వింక్విస్ట్ అనే కుర్ర ఇంజనీరు, నేలని బాగుచెయ్యలేం కాబట్టి, షాఫ్టు కొంచెం వంగినా తనంతట తనే సర్దుకునే బేరింగు తయారుచేశాడు. రెండు వరసల గుండ్లు, బయటి రింగు లోపలి వైపు గోళంలా ఒంపు. 1907లో దాంతో మొదలైన కంపెనీయే ఎస్‌కేఎఫ్. పల్నాటి నల్లరేగడిలో ఇల్లు కట్టినవాళ్ళకి ఈ కథ ఇట్టే అర్థమవుతుంది. ఎండాకాలం నెర్రెలిచ్చి, వానకి ఉబ్బే నేల మీద దేన్నయినా సూటిగా నిలబెట్టడం ఎంత కష్టమో మనకి తెలుసు.

అయితే వింక్విస్ట్ బేరింగు కంటే నాకు ముఖ్యం అనిపించేది ఆ తర్వాత జరిగిన, ఎవరూ పెద్దగా చెప్పుకోని పని. కొలతలు కుదుర్చుకోవడం. మొదట్లో ఎవడి సైజు వాడిదే. ఒక కంపెనీ బేరింగు ఇంకో కంపెనీ గుంటలో పట్టదు. కంపెనీ మూతపడితే మీ మిషను పాత ఇనుమే. మెల్లగా కొన్ని సైజులు వాడుకలో స్థిరపడ్డాయి. 1926లో మొదలైన ఐఎస్ఏ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంఘం, దాని తర్వాత 1947లో మొదలైన ఐఎస్ఓ వాటిని పట్టికలుగా కూర్చాయి. ఇప్పుడు మామూలు బేరింగుల కొలతలు ఐఎస్ఓ 15 అనే ప్రమాణంలో ఉంటాయి.

ఉదాహరణకి 6203 తీసుకోండి. మొదటి 6 అంటే ఒక వరస గుండ్లు, లోతు గాడి ఉన్న రకం. 2 అంటే కొలతల వరస. చివరి 03 అంటే లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు. ఈ చివరి రెండంకెలకి ఒక లెక్క ఉంది: 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17, 04 నుంచి మాత్రం అయిదుతో హెచ్చవేయడమే. అంటే 04కి 20, 05కి 25. మన 607 లాంటి బుల్లివాటిలో చివరి అంకే నేరుగా రంధ్రం సైజు. బళ్ళో ఎంత చదివాడో తెలియని మెకానిక్కులు కూడా ఈ లెక్క వేళ్ళ మీద చెప్పేస్తారు.

మనం సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్‌ఫేస్ వేరు, ఇంప్లిమెంటేషన్ వేరు అని పాఠాలు చెప్పుకుంటాం కదా, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకైతే కనబడలేదు. 6203 అనే నంబరు 17, 40, 12 అనే మూడు కొలతలకి మాట ఇస్తుంది. లోపల ఎన్ని గుండ్లు, ఏ ఉక్కు, పంజరం రేకుదా ప్లాస్టిక్కుదా అన్నది చేసేవాడి ఇష్టం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇందులో ఒక చిక్కుంది. నంబరు కొలతకే హామీ గానీ నాణ్యతకి కాదు. అదే నంబరు కొట్టి నాసిరకం అమ్మేవాళ్ళూ ఉంటారు. నకిలీ మిరప విత్తనాలు చూసిన ప్రాంతం మనది, ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు.

బేరింగు లేకపోతే ఏమవుతుందో రెండో ప్రపంచయుద్ధం చూపించింది. జర్మనీ బేరింగుల తయారీలో పెద్ద వాటా ఆ ష్వైన్‌ఫుర్ట్ ఊళ్ళోనే ఉండేది. దాన్ని కొడితే ట్యాంకులు, విమానాలు అన్నీ ఆగిపోతాయని అమెరికన్లు లెక్కేశారు. 1943 ఆగస్టు 17న ష్వైన్‌ఫుర్ట్, రెగెన్స్‌బుర్గ్ ఊళ్ళ మీద ఒకేసారి చేసిన దాడిలో 60 బాంబర్లు పోయాయి. అక్టోబర్ 14న ష్వైన్‌ఫుర్ట్ మీదికి మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ 60 పోయాయి. అంత నష్టపోయినా జర్మన్ యంత్రాలు ఆగలేదు. నిల్వలున్నాయి, స్వీడన్ నుంచి కొన్ని వచ్చాయి, ఫ్యాక్టరీలని నాలుగు చోట్లకి చెదరగొట్టారు, వీలైనచోట బాల్ బేరింగు తీసేసి మామూలు బుష్షు వేశారు. అటు బ్రిటన్ కూడా స్వీడన్ బేరింగుల కోసం మస్కిటో విమానాల్ని రహస్యంగా నడిపింది. ఇరుపక్షాలూ ఒకే దేశం సరుకు కోసం ఎగబడ్డాయంటే, ఈ చిన్న రింగు విలువ అర్థం చేసుకోండి.

మన దేశానికొస్తే, బిర్లాల నేషనల్ ఇంజనీరింగ్ ఇండస్ట్రీస్ 1946లో జైపూర్‌లో మొదలైంది. ఎన్‌బీసీ పేరుతో మీరు చూసే బేరింగులు వాళ్ళవే. 1960లలో పూనా దగ్గర ఎస్‌కేఎఫ్ వాళ్ళ ఫ్యాక్టరీ వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1967లో, నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. కాలువ అందిన చోట వరి, అందని చోట బావి మీద ఆయిల్ ఇంజన్. రాజ్‌కోట్‌లో చేసిన లిస్టర్ రకం ఇంజన్లు దేశమంతా పాకాయి. తర్వాత కరెంటు మోటార్లు, పిండి మరలు, టైరు బండ్లు, ట్రాక్టర్లు. వీటన్నిటిలో తిరిగేవి ఆ పట్టికలోని నంబర్లే. అందుకే ఒక్క మెకానిక్కు నాలుగు రకాల మిషన్లు బాగుచెయ్యగలిగాడు. అతనికి ఏ కంపెనీ ట్రైనింగూ ఇవ్వలేదు. చేతిలో ఒక వెర్నియర్, బుర్రలో ఒక పట్టిక. అంతే!

ఇప్పుడు మళ్ళీ బుల్లి ఇంజన్ దగ్గరికి. అమెరికాలో 1930లలో బిల్ బ్రౌన్ చేసిన స్పార్కు ఇంజన్లతో మోడల్ విమానాలు ఊపందుకున్నాయి. జపాన్‌లో షిగెయో ఒగావా 1936లో మొదలుపెట్టిన ఓఎస్ ఇప్పటికీ పెద్ద పేరు. 1947లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్గుని మార్కెట్లోకి తెచ్చాడు. బ్యాటరీ, కాయిల్, పాయింట్లు మోసే బాధ పోయింది, ఇంజన్లు చిన్నవై వేగం పెరిగింది. చవక ఇంజన్లలో షాఫ్టు నేరుగా లోహంలోనే తిరిగేది, మన పాత బండి ఇరుసు పద్ధతే. వేగం కావాలన్నవాళ్ళు బాల్ బేరింగులకి మారారు. మన దగ్గర ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరిన కుర్రాళ్ళకి ఏరోమోడలింగ్ ద్వారా ఈ ఇంజన్ల పరిచయం ఉంటుంది.

ఈ బేరింగులు తిరిగి చచ్చేవాటికంటే ఊరికే కూర్చుని చచ్చేవే ఎక్కువ. మిథనాల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. నైట్రోమీథేన్ మండాక మిగిలేవాటికి ఉక్కుని తినే గుణం ఉంటుంది. ఆడి ఆడి అలాగే అటకెక్కిస్తే, మూణ్ణెల్లకి గుండ్ల మీద తుప్పు చుక్కలు. తిప్పితే గరగర. స్ప్రేయర్‌దీ ఇదే కథ. మిరప సీజన్ అయిపోగానే ట్యాంకులో పెట్రోలు అలాగే ఉంచి కొట్టంలో పడేస్తే మళ్ళీ సీజన్‌కి మొరాయిస్తుంది. మందు ఒకటే: చివర్లో ఇంధనం పూర్తిగా అయిపోయేదాకా నడిపించి, రెండు చుక్కలు ఆయిలు వేసి, నాలుగుసార్లు చేత్తో తిప్పి పెట్టడం.

మార్చే పద్ధతిలో కూడా బోలెడు ఫిజిక్సుంది. ఇంజనంతా విప్పి, ఇంధనం జాడ లేకుండా కడిగి ఆరబెట్టాలి (మిథనాల్ మంట పగటిపూట కంటికి కనపడదు, జాగ్రత్త). ఖాళీ క్రాంక్ కేసుని ఓవెన్లో 120–150 డిగ్రీల దాకా వేడి చేసి, చెక్క మీద టక్కున కొడితే పాత బేరింగు దానంతటదే రాలిపడుతుంది. ఎందుకంటే అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. 25.4 మిల్లీమీటర్ల గుంటకి 100 డిగ్రీలు పెంచితే వచ్చే తేడా సుమారు 28 మైక్రాన్లు, వెంట్రుక మందంలో సగం కూడా లేదు. బిగుతు వదలడానికి అది చాలు. కొత్త బేరింగుని ఫ్రిజ్‌లో చల్లబరిచి, కేసుని వేడి చేసి వదిలితే తనే కూర్చుంటుంది. సుత్తి అవసరమే లేదు. ఒక్క నియమం: కేసులోకి నొక్కాల్సి వస్తే బయటి రింగు మీద, షాఫ్టుకి ఎక్కించాల్సి వస్తే లోపలి రింగు మీద మాత్రమే బలం పడాలి. తప్పుడు రింగు మీద నొక్కితే ఆ బలం గుండ్ల మీదుగా పోయి గాడిలో సొట్టలు పడతాయి, కొత్త బేరింగు మొదటి రోజే పాతదవుతుంది.

ఇక మొదటి ప్రశ్న. వెనక బేరింగు పట్టికలో ఎందుకు లేదు? ఈ ఇంజన్లలో గాలీ ఇంధనం కలిసి క్రాంక్ షాఫ్టు లోపలి బొక్కలోంచే వెళతాయి. బొక్క పెద్దదవ్వాలంటే షాఫ్టు లావవ్వాలి, కానీ కేసు మాత్రం పెరక్కూడదు. పైన చెప్పిన లెక్క గుర్తుందా? 12 తర్వాత 15. మధ్యలో 14 లేదు. బయట 25.4 అంటే సరిగ్గా ఒక అంగుళం. లోపల మిల్లీమీటర్లు, బయట అంగుళాలు, నరసింహావతారం లాంటి బేరింగన్నమాట. తయారీదారుకి దాని అవసరం ఉంది, కాదనను. అయితే తమాషా ఏంటంటే, వేర్వేరు కంపెనీలు కూడా ఇదే కొలత వాడటంతో, ఇదే ఇంకో తరహా ప్రమాణమైపోయింది. బయటి బేరింగు తయారీదారులు కూడా దీన్ని చేసి అమ్ముతున్నారు. సంఘం ముద్ర లేకపోయినా, కొలత మూడంకెల్లో అందరికీ తెలిసింది కాబట్టి ఆ ఇంజన్ బతికిపోయింది.

నేను చెప్పొచ్చేదల్లా ఇదే. బేరింగు అనేది పోవడానికే పుట్టిన భాగం. స్వీడన్‌లో పామ్‌గ్రెన్ 1924లో దాని ఆయుష్షుకి సూత్రం రాశాడు. బాల్ బేరింగు మీద బరువు రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతు. కేటలాగులో రాసే ఆయుష్షు కూడా నూటికి పదిమంది పోయేలోపు లెక్కే. అంటే పోతుందని తయారుచేసినవాడికే తెలుసు. ఆ తెలిసినవాడు నిజాయితీగా చేసిన పనే నంబరు వేసి, కొలత అందరికీ చెప్పి, తీసే దారి ఉంచడం.

ఇప్పుడు ఆ దారి మూసుకుపోతోంది. మా ఇంట్లో వాషింగ్ మెషీన్ గరగరమంటే మెకానిక్కు వచ్చి చూశాడు. పోయింది బేరింగే, సైజు మామూలుదే. కానీ అది కూర్చున్న ప్లాస్టిక్ టబ్బుని రెండు ముక్కలు కలిపి అతికేశారు, బోల్టుల్లేవు. టబ్బు మొత్తం మార్చాలట. ఖరీదు వింటే కొత్త మెషీనే నయమనిపించింది. చిన్న బేరింగు కోసం పెద్ద మెషీను చెత్తలోకి! నంబరు అలాగే ఉంది, దాని దగ్గరికి వెళ్ళే దారే లేదు.

దీని గురించి ప్రభుత్వాలకీ కాస్త కదలిక వచ్చింది. 2022 జూలైలో మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రిపేరు చేసుకునే హక్కు’ మీద ఒక కమిటీ వేసింది. మొదటగా గుర్తించిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. ఐరోపా యూనియన్ 2024లో చట్టమే చేసింది. మంచిదే. కానీ చట్టం కంటే ముందు మనం అడగడం మొదలుపెట్టాలి. స్ప్రేయర్ అయినా, మోటారైనా, పిల్లాడికి నైట్రో కారైనా కొనేటప్పుడు మైలేజీ, వారంటీ అడుగుతాం కదా, పనిలోపని ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: ‘లోపల బేరింగు నంబరెంత? అది తియ్యాలంటే బోల్టులున్నాయా?’

అమ్మేవాడు తెల్లమొహం వేస్తే మీకు జవాబు దొరికినట్టే. ఎద్దులబండి కొన్నవాడికి కూడా ఇరుసు ఎక్కడుందో, కందెన ఎక్కడ పెట్టాలో కనపడేది. అంతకంటే తక్కువకి మనం ఎందుకు ఒప్పుకోవాలి?